పగటి నిద్రకో ఇల్లు

జూన్ 4
గని గేటు దగ్గర నా ఇళ్ళ ఏజెన్సీ కరపత్రాలు పంచుతూ గొంతు పోయేలా చెప్పాను. జీతమంతా సెకండ్ హ్యాండ్ బైకులకు ధారపోయకండి, నాలుగు గోడలు కొనుక్కోండి, రేపు అవే ఆదుకుంటాయి అని. నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళు ఆవలిస్తూ విన్నారు. ఒక్కడే ఆగాడు. డ్రిల్లింగ్ మెషిన్ ఆపరేటర్. క్వార్టర్స్‌లో ఒకే గదిలో నలుగురు మగాళ్ళట, భార్యను తెచ్చుకునే వీలు లేదట. సొంత ఇల్లు చూపిస్తే వస్తానందట. నచ్చకపోతే మాత్రం వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళిపోతానని కూడా చెప్పిందట. తమాషాగా చెప్పబోయాడు గానీ కుదరలేదు.

జూన్ 9, ఆదివారం
మూడు ఇళ్ళు చూపించాను. అందరూ కొళాయి తిప్పి చూస్తారు. ఇతను ప్రతి గదిలోనూ కిటికీలు మూసి నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడు. నేను గుమ్మం బయట కాపలా. ఇంటికొచ్చాక కూడా తలచుకుని నవ్వుకున్నాను. నాలో నేను నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

జూన్ 14
ఎప్పుడెప్పుడు ఆదివారం వస్తుందా అని చూస్తున్నాను. ఇది మంచిది కాదు.

జూన్ 23
వెనక వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ నచ్చిందట. పక్క బిల్డింగ్ గోడకు ఆనుకుని ఉంటుంది, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేయాల్సిందే. ఎవరూ కొనరు కాబట్టి చవక. నైట్ షిఫ్ట్ వాళ్ళకు మాత్రం అదే బంగారం. పగలు పడుకునే మనిషికి చీకటి కంటే ఏం కావాలి? గనివాళ్ళకు ఇలాంటివి చాలానే ఇప్పించాను. హాయిగా నిద్ర పడుతుంది మేడమ్ అని ఇతనూ పొంగిపోయాడు. మరి ఆవిడ పగలంతా ఏం చేస్తుందని అతనికి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు.

జూన్ 26, పొద్దున
ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టి, చుట్టూ చూసి, బస్సెక్కేస్తుంది. అతను మళ్ళీ నా ఆఫీసుకే వస్తాడు. మళ్ళీ ఇద్దరం ఇళ్ళు చూస్తూ తిరుగుతాం. అతనంటే నాకిష్టం. నాకంటే చిన్నవాడు, పెళ్ళైనవాడు, అయినా ప్రాణం కొట్టుకుంటోంది. నేనేమీ చేయనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

జూన్ 26, సాయంత్రం
మూసుకోలేకపోయాను. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టబోతుంటే పెన్ను లాక్కున్నాను. మీరు గుర్రుపెట్టి నిద్రపోతే ఆవిడ ఎవరి మొహం చూస్తూ కూర్చోవాలి, ఇల్లు కొంటున్నారా, ఇంకో గని కొంటున్నారా అని కసిరాను. తెల్లబోయాడు. ఆ సంగతే ఆలోచించలేదు మేడమ్ అన్నాడు. మెయిన్ రోడ్డులో మూడో అంతస్తు చూపించాను. హాలుకు రెండు కిటికీలు, వంటగదిలో ఎండ. మరి నా నిద్రో అన్నాడు. ఒక గదికి మందపాటి కర్టెన్ కట్టుకోండి, అదీ నేనే చెప్పాలా అన్నాను. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.

జూలై 14
రిజిస్ట్రేషన్ ఎల్లుండి. చీర ఏది కట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. సిగ్గు లేకపోతే సరి.

జూలై 30
ఆవిడ వచ్చింది. ఇద్దరూ ఫోన్ చేసి రమ్మంటే వెళ్ళక తప్పలేదు. బ్యాగు గుమ్మంలోనే వదిలి, ఒక్కో కిటికీ తెరిచి చూసింది. అంతసేపూ అతను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. చివరికి బ్యాగు తీసుకెళ్ళి లోపల పెట్టింది. ఈ ఇల్లు ఆయన బుర్రకు తట్టే ఇల్లు కాదు, ఇది మీ పనే అని నా రెండు చేతులూ పట్టుకుంది. మంచి మనిషి. అదే కష్టంగా ఉంది.

ఆగస్టు 3
కూరగాయల మార్కెట్లో వెనకనుంచి, వదినా అని పిలిచింది. ఆయనకు అక్కచెల్లెళ్ళు లేరట. ఇకనుంచి ఆ స్థానం నాదేనట.
పలికాను.