ముందే నింపిన గడి

మార్చి 4, మంగళవారం

ఈ రోజు చావాల్సింది చావలేదు.

ఆవగింజంత సూపర్‌కండక్టర్ క్రిస్టల్. ఎముకలు కొరికే చలి మాట అటుంచి, అసలు చలికి ఆఖరి మెట్టు దగ్గర దాని గుండా కరెంటు ఏ అడ్డూ లేకుండా పోతుంది. ఎలక్ట్రాన్లు జంటలు కట్టి నడుస్తాయి కాబట్టి. అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే తొమ్మిది టెస్లాల దగ్గర జంటలన్నీ ఒక్కసారిగా విడిపోవాలి. వేడితో పని లేకుండా జరిగేది కాబట్టి క్వాంటం మార్పు అంటారు. మాది ఐదు దగ్గరే నీరసించింది. కానీ పది దాటినా కొన ఊపిరితో ఉంది. గ్రాఫ్‌లో గోడ ఉండాల్సిన చోట తోక!

మా గైడ్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడి చూశారు.

మార్చి 5, బుధవారం

ఇది పదార్థానికి ఇంతవరకూ ఎవరూ చూడని కొత్త దశే అంటున్నారు సార్. సోమవారం సదస్సులో చూపిస్తారట. మా సీనియర్ అక్క థీసిస్ ఆఖరి చాప్టర్‌కి ఇదే ఆధారమట. క్రిస్టళ్లను చల్లబరిచే హీలియం కాస్త వృథా అయినా పోట్లాడుతుందని ఆమెను అందరూ హీలియం అక్క అంటారు. నీ చెయ్యి మంచిదే పిల్లా, ఇక క్రిస్టళ్లన్నీ ఫర్నేస్‌లో నువ్వే కాల్చు అంది. సాయంత్రం దాకా నా కాళ్లు నేల మీద లేవు.

మార్చి 6, గురువారం, మధ్యాహ్నం 3:10

తోకకు కారణం వెతకమన్నారు. వెతికాను. దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

క్రిస్టల్ లోపల పరమాణువులు చిందరవందరగా ఉన్నా ఇలాంటి తోకే వస్తుంది. ఈ రకం సూపర్‌కండక్టర్లకు అది అస్సలు పడదు. చాలా చోట్ల జంటలు ముందే విడిపోతాయి. కొన్ని మూలల్లో మాత్రం దీవుల్లా మొండిగా నిలుస్తాయి. పుస్తకంలో మాట అవ్యవస్థ. నాకు చిందరవందరే ఇష్టం, పలుకుతుంటే నోట్లోనే అన్నీ దొర్లిపోతాయి.

అది పోవాలంటే ఫర్నేస్‌లో ఏడు రోజులు ఉంచాలి. లాగ్ బుక్ తీశాను. నా గుండ్రటి అక్షరాల్లో ఏడు రోజులు అని ఉంది. తీసిన తేదీతో సహా. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గడి నేను మొదటి రోజే నింపేశాను. పేజీ నీటుగా ఉండాలని. నాలుగో రోజు దాటగానే పక్క గ్రూపు వాళ్లు కొలతల మెషీన్ టర్న్ వదులుకున్నారు. ఆగలేక క్రిస్టల్ బయటికి తీసేశాను. చాల్లే అనుకున్నాను. గడి దిద్దడం మర్చిపోయాను.

నిజంగానే మర్చిపోయాను. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను?

మార్చి 7, శుక్రవారం

చెప్పలేదు. సదస్సు స్లైడ్ మీద నా పేరు కూడా పెట్టారు.

మార్చి 8, శనివారం, ఉదయం 6:30

అమ్మ మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. ఏంటే, ముఖం అలా వేలాడేశావ్ అంది. చెప్పాను. అర్థమైనంత విని నవ్వింది. నీకిది చిన్నప్పటి జబ్బేనే, రెండో క్లాసులో పొద్దున్నే కూర్చుని, సాయంత్రం బాగా ఆడుకున్నాను అని డైరీ రాసేసేదానివి, ఒకసారైతే ఆ రోజంతా వానపడి గడపే దాటలేదు అంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడేం చెయ్యనమ్మా అంటే, వాళ్లు సోమవారం అది చూపిస్తే మంగళవారం నీకు అన్నం దిగుతుందా అని, సూదిలోకి దారం ఎక్కించుకుంది.

అదే రోజు, మధ్యాహ్నం 12

చెప్పేశాను. ముందు అక్కకు. నా చాప్టర్‌కి నిప్పు పెట్టి ఇంత తీరిగ్గా వచ్చావా తల్లీ, నిన్నంతా ఏం చేస్తున్నావ్ అంది. డైరీ రాస్తున్నానని చెప్పలేదు.

సార్ నా ముందే స్లైడ్ తీసేశారు. నాలుగు రోజులా, నాలుగున్నరా, గంటల్లో చెప్పు అన్నారు. తొంభై ఎనిమిది అన్నాను. అయితే ఇది కొత్త దశ కాదమ్మా, మన పాత చెత్తే అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. ఆ చెత్తలో దీవులు ఎందాకా బతుకుతాయో ఎవరో ఒకరు కొలవాలి కదా అన్నారు. పని ఇచ్చారో, తిట్టారో తేలడం లేదు.

అక్క థీసిస్ మూడు నెలలు వెనక్కి. ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 9, ఆదివారం

అక్క మెసేజ్ పెట్టింది. ఎనిమిదింటికి రా, ఆలస్యమైతే నిన్నే ఫర్నేస్‌లో పెడతాను అని.

రేపు పొద్దున ఎనిమిదికి ఒకే క్రిస్టల్‌ని రెండు ముక్కలు చెయ్యాలి. ఫర్నేస్‌లోంచి ఒకటి తొంభై ఎనిమిది గంటలకు, ఇంకోటి ఏడు రోజులకు తియ్యాలి. పెట్టిన గంట రాయాలి. తీసిన గంట గడి ఖాళీగా వదలాలి.