తలగడ కింద కత్తెర

ఏమండీ, పొద్దున్నే బుడ్డోడి తలగడ కింద నా కుట్టు కత్తెర దొరికింది. పక్కనే నా నడక బూట్ల లేసులు, ముక్కలు ముక్కలుగా. వాడి వేళ్లన్నీ తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా తెగలేదు. కత్తెర బీరువా మీద పెట్టాను, మీ అవసరానికి దించినా మళ్లీ అక్కడే పెట్టండి. లేచాక పాలు కాచి వాడికివ్వండి. కోప్పడకండి. ఏడ్చి ఏడ్చి మళ్లీ పడుకున్నాడు, నిద్రలో కూడా వెక్కుతున్నాడు.

నేను చెప్పులతోనే నడకకు వెళ్తున్నాను. షుగర్ ఇంకా దిగలేదు, ఈ ఏడో నెలలో ఒక్కరోజు కూడా నడక మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నడుము నొప్పికి బరువులు ఎత్తొద్దని కూడా చెప్పింది. ఆ బరువుల్లో మొదటిది వీడే. ఇదివరకు వీధి చివరిదాకా నా చంకలోనే వచ్చేవాడు. ఇప్పుడు నేను మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూస్తుంటాడు.

ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. "అమ్మ ఎంత నడిస్తే బుజ్జిపాప అంత తొందరగా వస్తుందిరా" అని వాడితో సరదాకి అన్నది మీరే. వాడు నిజమనుకున్నాడు. లేవగానే కాసేపు ఎత్తుకోండి, నా వంతు కూడా.

మరిచాను, లేసులు ఎవరు కోశారని అడిగితే వాడు చెప్పింది ఇదీ: "నేనేనమ్మా. నువ్వు నడవకపోతే పాప రాదుగా. అప్పుడు మళ్లీ నన్నే ఎత్తుకుంటావు."