కనరెక్కిన నీ నెయ్యి

కార్తీక బహుళ పంచమి. పొద్దుటి నుంచి తుంపర. వాకిలి ఊడ్చాను.

సత్యవతీ,

ఈరోజు నీ సంవత్సరీకం. నువ్వు చివరిసారి కాచిన నెయ్యి ఏడాదిగా దాచి, ఈరోజు అందరికీ వడ్డించాను. వడ్డాది నుంచి వచ్చిన నీ చెల్లెలు మొదటి ముద్దకే ఆగిపోయింది.

"కనరు కొడతంది బావా. నా నెయ్యికి అక్క ఎన్ని వంకలు పెట్టేదో. సూడు, తనే సరిగ్గా కాసినట్టు లేదు."

అందరూ నవ్వారు. నేనూ తల వంచుకుని నవ్వాను.

నువ్వు కాచడంలో తప్పేమీ లేదు. గాజు సీసాను కిటికీలో ఎండ తగిలేచోట పెట్టింది నేను. రోజూ పొద్దున్నే మూత తీసి వాసన చూసేవాణ్ని. గాలి, వెలుతురు తగిలితే ఎంత మంచి నెయ్యయినా పాడవుతుందని చదివినవాణ్నే. రోజూ చూడటంవల్ల వాసన కొంచెం కొంచెంగా మారడం నాకు తెలియలేదు. ఆ సంగతి చెబితే, రోజూ మూత ఎందుకు తీసేవాడివని అడుగుతారు. ఆ సిగ్గుకే నోరు మెదపలేదు. చెడ్డపేరు నీకు వచ్చింది.

నీ చెల్లెలు వీధరుగు మీద చెప్పులు వేసుకుంటోంది. బస్సు దాకా తోడు వెళ్తే దారిలోనైనా చెప్పొచ్చు. వాన ఇంకా పడుతోంది. గొడుగు తీసుకుని బయల్దేరుతున్నాను.