మీ నాన్న వచ్చేలోగా పూల్‌లో ఉప్పు

బ్రోన్విన్, నేను బండబర్గ్ ఆసుపత్రికి పోతున్నా. సాయంత్రం మీ నాన్నని అంబులెన్సులో ఇంటికి పంపిస్తారట. నేను వెనకాలే కారులో వస్తా.

స్విమ్మింగ్ పూల్‌కి ఉప్పు నుంచి క్లోరిన్ తీసే కొత్త మిషన్ ఎలక్ట్రీషియన్ బిగించి వెళ్లాడు. దాని మూత విప్పకు. ముందు పంపు వెయ్యి. ఉప్పు బస్తాలు తిన్నగా నీళ్లలో పోసి, అడుగున పేరుకోకుండా బ్రష్షుతో తోస్తుండు. ఉప్పంతా కరిగేదాకా మిషన్ స్విచ్ వెయ్యకు, రేపు చూద్దాం. పంపు ఆగి ఉన్నప్పుడు అసలే వద్దు, లోపల గ్యాస్ పట్టి పేలుతుంది. పూల్‌లో కలిపే యాసిడ్ జోలికి పోకు. గేటు మూసెయ్, పక్కింటి పిల్లలు దూరతారు.

మీ నాన్న ఎప్పటిలాగే వేలు ముంచి నాకి, "ఉప్పు చాల్లేదే, ఎవరు పోశారు?" అంటాడు. ఉప్పు కొలిచే మీటరు చూపించి వాదించకు తల్లీ. ఆయన కళ్లముందే ఇంకో గుప్పెడు పొయ్యి. తిట్టనీ. ఆ తిట్లు లేకే ఇల్లు మూగబోయింది.

అమ్మ

మర్చిపోయా, రాత్రికి వంట చెయ్యకు. దారిలో వేయించిన చేపలూ చిప్సూ తెస్తా, ఆయనకిష్టమైనట్టు ఉప్పు దట్టంగా చల్లించి. ఇన్నేళ్లూ చిటికెడు ఉప్పు కూడా వెయ్యనివ్వని డాక్టరు, నిన్న నన్ను పక్కకి పిలిచి, ఇంక ఆయన ఏమడిగితే అది పెట్టమన్నాడు.