డబ్బాలో పోయింది మామ దగ్గు

నారాయణఖేడ్,
1993, ఆషాఢం.

పాప నాయనకు, అమృతమ్మ నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా రాత చూసి నవ్వవద్దు. నాలుగో తరగతితో బడి ఆగింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా రాదు, వరుసలు కిందికి జారిపోతున్నాయి. ఎప్పుడూ పక్కింటి బాను బీ కూతురు రాసిపెట్టేది, నేను తలుపు పక్కన నిలబడి చెప్పేదాన్ని. ఈసారి రాయవలసినవి ఆ పిల్లకు చెప్పగలిగేవి కావు. అందుకే నేనే కూర్చున్నాను.

ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి గనక రాశాను. అది ఎంత నిజమో కింద చదివితే మీకే తెలుస్తుంది.

మీరు అడిగినవాటికి జవాబు. మిరపకాయలు తడవలేదు, మూటల మీద తాటిపత్రి కప్పాం. కల్హేర్ అంగడికి ఇప్పుడు అత్తమ్మే పోతున్నది. ఆమె నోటికి జడిసి ఎవరూ బేరం ఆడరు, మీకంటే తొందరగా మూట ఖాళీ చేసి వస్తున్నది. బోరంచ నల్లపోచమ్మకు మీ పేరున మొక్కుకున్నది. పాప మీ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతున్నది.

చివర ఇంకొకటి అడిగారు, నాయన దగ్గు తగ్గిందా అని. అక్కడ నా ఒళ్లు మండింది. ఇక మీరు అని రాయడానికి చేయి రావటం లేదు.

మామ దగ్గు ఎక్కడికి పోయిందో నీకు తెలియదా? డబ్బాలో పెట్టుకుని పట్నం తీసుకుపోయింది నువ్వే కదా!

కిడ్నీల వాపుకు ఏడాదిగా పెద్ద దవాఖాన మాత్రలు మింగుతున్నావు. జ్వరం, ఆయాసం మొదలయ్యాక అక్కడి డాక్టరమ్మ డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే వచ్చే తెమడ పట్టి తెమ్మన్నది. నీది పొడి దగ్గు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా దగ్గినా చుక్క పడలేదు. తెమడ తేకుంటే మందులు బంద్ అని కాంపౌండరు బెదిరించాడని, ఆ డబ్బా తీసుకుపోయి మామ ముందు పెట్టావు.

“దగ్గు ఎవలదైతే ఏంది నాయనా? దగ్గు దగ్గే గద!” అన్నావు.

“నేనైతే పట్నం సూడలే,” అని మామ నవ్వాడు. “నా దగ్గన్న టికెట్ లేకుండ పోయి సూసొస్తది తియ్యి.”

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నావైపు తిరిగి, “గీ ముచ్చట బయట వడొద్దు” అన్నావు.

ఆ డబ్బాలో క్షయ దొరికిందట. అది ఎవరి క్షయో నీకు తెలుసు. అయినా డాక్టరమ్మకు చెప్పలేదు. మామకు చెప్పలేదు. దవాఖానలో చేర్చుకున్నాక మాకు మాత్రం నిమ్ము చేసిందని రాశావు. రోగం మామ దగ్గర ఉన్నది, మందు నువ్వు మింగుతున్నావు. నీ అసలు రోగానికి మందే పడటం లేదు. నీ బిడ్డ ఇన్నాళ్లూ తాత రొమ్ము మీద పడుకుని నిద్రపోయింది.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. నిన్న డాక్టరమ్మ దగ్గర పనిచేసే షఫీయుద్దీన్ సారు, నీ రోగం ఎక్కడ అంటుకున్నదో చూడడానికి మన ఇంటికి వచ్చాడు. పావురాలున్నాయా, కోళ్లున్నాయా, ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతారా అని అడిగాడు. అదే సమయానికి అరుగు మీద మామకు దగ్గు తెర వచ్చింది.

“మిర్చి ఘాటు సారూ,” అన్నది అత్తమ్మ. “మా ఇంట్ల పిల్లి గూడ దగ్గుతది.”

సారు నవ్వలేదు. “టీబీ మందు ఇస్తున్నం గని ఆయాసం పెరుగుతుంది అమ్మా. ఇప్పుడు దగ్గితే చుక్క వస్తలేదు. గప్పుడు డబ్బా నిండ ఎట్ల తెచ్చిండు? మాకు సమజైతలేదు.”

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ కూర్చున్నది. నేను తలుపు పక్క నుంచి బయటికి వచ్చాను. పెళ్లయినప్పటి నుంచి రేషన్ షాపులో కూడా నీ పేరు చెప్పని దాన్ని. వాకిట్లో బాను బీ, దారిన పోయేవాళ్లు, అందరూ వింటుండగా అన్నాను.

“అది ఈరయ్య తెమడ కాదు సారూ. మాణిక్యప్పది.”

అత్తమ్మ లేచి నా నోటి మీద కొట్టింది. “మొగని పేరు వడుతవా? మామ పేరు వడుతవా? సిగ్గు లేదానె!” నువ్వు చేసిన మోసానికి ఆమెకు కోపం రాలేదు. పేరు పలికినందుకు వచ్చింది.

మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. “బిడ్డ అడిగిండు, ఇచ్చిన,” అన్నాడు, అంతే.

సారు బస్టాండు దగ్గరికి ఉరికి డాక్టరమ్మకు ఫోన్ చేసి వచ్చాడు. నీ కిడ్నీ మాత్రలు ఒంట్లోని కాపలాను పడుకోబెడతాయట. గట్టి మనిషిని ఏమీ చేయలేని పురుగు కూడా అప్పుడు ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుందట. అది ఏ పురుగు, దేనికి చస్తుంది అని నీలాంటి వాళ్లందరినీ చూసి డాక్టరమ్మ రాసుకుంటున్నదట. ఆమె రాసుకున్నదానిలో నీ పేరు కింద మీ నాయన రోగం ఉన్నది. రేపు నీలాంటి ఇంకొకడు వస్తే, నీ అబద్ధం చూసి వాడికి మందు ఇస్తారు. వాడి పెళ్లాం ఏం చేయాలి?

ఆ కాంపౌండరు మీద కూడా నాకు కోపమే. రోగిని ఎదురుగా కూర్చోబెట్టి దగ్గించకుండా, డబ్బా ఇచ్చి బెదిరించి ఇంటికి పంపాడు. సారుకు ఆ మాట కూడా చెప్పాను.

ముక్కులో నుంచి సన్న గొట్టం వేసి, ఊపిరితిత్తి కడిగిన నీళ్లు చూస్తేనే నీ అసలు రోగం తెలుస్తుందట. గొట్టం వేస్తామంటే లేచి ఇంటికి వచ్చేస్తానని పోయిన ఉత్తరంలో రాశావు. వచ్చి ఎక్కడ పడుకుంటావు? మామ పక్కన ఇప్పుడు ఎవరినీ పడుకోనివ్వటం లేదు. ఆయనకు ఇక్కడి దవాఖానలో మందు మొదలుపెడుతున్నారు. పాపకు పరీక్ష చేయించాలి. తాత దగ్గరికి పోతానని ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకున్నది. నువ్వు గొట్టం వేయించుకునే ఇంటికి రావాలి. ఈసారి పట్టేది నీ ఊపిరితిత్తి నీళ్లే. వాటికి బదులు ఇచ్చేవాళ్లు ఈ ఇంట్లో లేరు.

ఈ కాగితం సారు చేతికి ఇస్తున్నాను. విప్పనని ఒట్టేశాడు. ఇందులో నీ పేరు నా చేత్తో రాసి ఉన్నది, ఎవరూ చూడకూడదు. చదివి కాల్చెయ్యి. ఇంకొకరికి ఇచ్చి కాల్పించవద్దు. దవాఖాన గేటు బయట చాయ్ హోటల్ ఉన్నది కదా, లేచి నడవగలిగిన రోజు అక్కడిదాకా నీ కాళ్లతో నువ్వే నడిచి పోయి ఆ పొయ్యిలో వెయ్యి. అప్పటిదాకా నీ తల కింద ఉండనీ.

ఇట్లు,
కోపం తీరని నీ భార్య,
అమృతమ్మ