మూడో పాటలో ఆగే చోటు

జూన్ 9
పాత బ్యాండులో పాడే ఖాజా ఫోన్‌కి పంపాడు. వాళ్ల కొత్త ఆల్బం, 'తెల్లదుమ్ము'. ఏడు పాటలు. కింద ఒకే మాట — "విను." నేను ఆ బ్యాండు వదిలి ఏడాదిన్నర. ఇన్నాళ్లూ లేని ప్రేమ ఇప్పుడెందుకు? విననుగాక వినను.

జూన్ 10
విన్నాను.

జూన్ 12
నేను పనిచేసే మిల్లులో, బరువు తూచే వేబ్రిడ్జి దగ్గర, లారీ డ్రైవర్లు కూడా అదే పెట్టుకుంటున్నారు. బ్లూస్ రాక్ అంటే ఏమిటో తెలియని మనుషులు! "మూడో పాటలో గిటారు ఠక్కున ఆగతాది సూడప్పా, ఆడ గుండె జారతాది" అన్నాడొకాయన. నవ్వి, బరువు చీటీ చేతికిచ్చాను. ఆ ఆగడం నాది. పరుగెత్తే గిటారును ఒక్క దెబ్బసేపు ఆపి మళ్లీ అందుకోవడం... పదేళ్లు అలాగే వాయించాను. మనిషిని పోనిచ్చి పనితనం ఉంచేసుకున్నారన్నమాట.

జూన్ 13
ఎనిమిదిసార్లు విన్నాను. పాట బాగుంది — అదే నా ఏడుపు. ఖాజా గొంతులో ఎప్పుడూ లేనంత నిజం ఉంది. ఎక్కడిదా నిజం? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది, ఎవరూ చూడలేదనుకుంటోంది.

జూన్ 15, ఆదివారం
కడప వెళ్లాను. ఖాజా వాళ్ల టైలర్ షాపు. మిషను మీద నుంచి తల ఎత్తలేదు.
"మూడో పాట నాది" అన్నాను.
"నీది కాదు రా పెంచలా. మీ అమ్మది."
...
అమ్మ మంగంపేట గనుల్లో పాతికేళ్లు ముగ్గురాయి ఏరింది. ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పాడేవాళ్లు. రాయి మీద సుత్తి పడేటప్పుడు మాత్రం అందరూ నోరు మూసేవాళ్లు, దుమ్ము లోపలికి పోకుండా. ఆ పక్కనే గోనెపట్టా మీద పడుకుని పెరిగాను. ఆగడం అక్కడిది. నేనేదో కనిపెట్టాననుకున్నాను!
"మీ ఇంటికి పోయి ఆయమ్మనే అడిగినా. నాలుగు దినాలు కూసోబెట్టుకోని నేర్పిచ్చింది" అన్నాడు. నమ్మలేదు. నాకు తెలియకుండా అమ్మ ఏ పనీ చేయదు.

జూన్ 16
అమ్మ గోంగూర గిల్లుతోంది. అడిగాను. దాచలేదు.
"వచ్చినాడు. నువ్వు డ్యూటీలో ఉండావు. నీకు చెప్పొద్దన్నది నేనే."
"ఎందుకమ్మా?"
"గిటారు పట్టుకున్నప్పుడల్లా నువ్వు అదే వాయిస్తాంటివి. ఇది యాడిదిమా అని ఒక్కపొద్దన్నా అడుగుతావేమోనని శానా ఏండ్లు సూసినా."
సిగ్గేసింది.

జూన్ 18
ఖాజా ఫోన్. వచ్చే నెల కడపలో కచేరీ. అమ్మ వేదిక మీద పాడుతుందట. "గిటారుకు నువ్వు రా" అన్నాడు. జాలా? ఎర వేస్తున్నాడా? లేక అమ్మే పిలవమందా? ఆలోచించుకుంటానన్నాను.

జూన్ 19
"నన్ను పిలవమని నువ్వే చెప్పినావా?" అని అమ్మను అడిగాను.
"లేదు నాయనా. వేరేవాళ్లను సూసుకోమన్నా. నువ్వు వాయిస్తే మళ్లా అది నీదే అయిపోతాది."
కోపంగా కూడా అనలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

జూన్ 21
ఖాజాకు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ పాట మొదటి నుంచి నేర్పించమ్మా అని అడగాలనుంది. ఇప్పుడు అడిగితే, కచేరీ కోసమే అడుగుతున్నాననుకుంటుంది.
నిజంగా అందుకేనేమో.