కట్లపాము అని చెప్పాక

తమ్మీ, పేరు తెలిస్తే భయం సగం పోతుందని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ అన్నావు. అది తప్పు. నువ్వు పోయాక ఇవాళ తెలిసింది.

తెల్లవారుజామున మనుమరాలు స్వప్నను పక్కలో పాము కరిచింది. దాన్ని కొట్టి, డబ్బాలో వేసుకుని నల్లగొండ దవాఖానకు తెచ్చాం. కట్లపాములాగే చారలుండే విషం లేని పాము ఒకటుందని చెప్పేవాడివి గదా, అదే కావాలని మొక్కుకుంటూ, నువ్వు నేర్పినట్టు వీపు చూశాను. నడుమ వరుసలో పొలుసులు పెద్దవి, ఆరు పలకలవి.

“కట్లపాము,” అన్నాను డాక్టరుతో.

కోడలు నా చెయ్యి గుంజింది. “పేరు తియ్యకుండ్రి అత్తమ్మా! పురుగనుండ్రి!”

“పేరు తియ్యకుంటే అది వానపామైతదా?” అన్నాను.

మందు ఎక్కిస్తున్నారు. పేరు తెలియనంతసేపూ కొంత ఆశ ఉండింది. ఇప్పుడు జరగబోయేది వరుసగా తెలుసు: ముందు రెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి అందదు. డాక్టరు కూడా రెప్పలే చూస్తుండమన్నాడు.

కోడలు ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని నిద్రపోయింది. దానికి చాయ్ తేవడానికి కిందికి పోతున్నాను. పైలోకంలో నీకేం పని ఉంది గనక, నేను వచ్చేదాకా పిల్ల కళ్లు చూస్తుండు. రెప్ప వాలితే నర్సమ్మను పిలువు.